లష్కరులో అడుగుల లెక్క

సికింద్రాబాదు అనగానే పరవూరివాళ్ళకు రైలు స్టేషనే జ్ఞాపకం వస్తుంది. బండి దిగి, పెట్టె చేతబట్టుకుని, "హైదరాబాదు ఎంత దూరమండీ?" అని అడిగి వెళ్ళిపోయేవారే ఎక్కువ. ఊరికి ఊరుగా దీనిని చూడవచ్చినవారు అరుదు. అయినా ఈ ఊరికి తనదంటూ ఒక చరిత్ర వున్నది. 1798లో నిజాముకూ ఇంగ్లీషువారికీ కుదిరిన ఒడంబడిక వల్ల హుస్సేన్ సాగరానికి ఉత్తరాన దండు వచ్చి విడిసింది. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరుమీద ఆ విడిదికి సికింద్రాబాదు అని పేరు పెట్టారు. పాతకాపులు మాత్రం ఇప్పటికీ లష్కరు అనే అంటారు. లష్కరంటే దండు. దండు కోసం పుట్టిన ఊరు కనుక ఇక్కడి పెద్ద బాటలు తిన్నగా, విశాలంగా వుంటాయి. నడిచేవాడికి ఇంతకన్న అనుకూలమైన ఊరు ఈ చుట్టుపక్కల మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు ఈ రెండేళ్ళలో ఏర్పడింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా ఇక్కడి కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ, స్కూటరు మీద పోతూ వస్తూ వున్నవాణ్ణే. నా రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం పక్కన పడుకుని నెత్తురు కడిగించుకునేవాణ్ణి. ఆ తరువాత ఒకనాటి రాత్రి పిలుపు వచ్చింది. పేరు తెలియని ఒక మనిషి పోతూ పోతూ ఇచ్చిన మూత్రపిండాన్ని నా పొట్టలో కుడివైపున, కింది భాగంలో అమర్చారు. పాతవాటిని తీసివేయలేదు. చాలామందికి తెలియదు కాని, సాధారణంగా వాటిని వున్నచోటనే వుండనిస్తారు. ఆ విధంగా ఇప్పుడు నాకు మూడు మూత్రపిండాలు. పని చేసేది మాత్రం అరువు తెచ్చుకున్నదే!

ఆపరేషను అయిన మర్నాడే లేపి నిలబెట్టారు. మూడోనాడు వరండాలో పది అడుగులు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "మేష్టారూ, మందులు నేను రాశాను. నడక మీరు రాసుకోండి" అన్నారు. మొదటి వారాలలో పూటకు ఐదు నిమిషాలు, రోజుకు మూడు పూటలు. వారం వారం కొంచెం పెంచాలి. నీళ్ళ బిందె, బియ్యం బస్తా వంటి బరువులు కొన్నాళ్ళు ముట్టుకోరాదు. కబడ్డీ వంటి ఢీకొట్టుకునే ఆటలు ఎప్పటికీ వద్దు. కొత్త పిండం పక్కటెముకల చాటున కాక పొట్ట ముందు భాగంలో వుంటుంది కనుక దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. నేను కబడ్డీ ఆడింది మెట్రిక్ చదివేటప్పుడు. కాబట్టి ఆ నిషేధం నన్నేమీ బాధించలేదు.

మా ఇల్లు పడమటి మారేడుపల్లిలో. మొదటి వారం నా ప్రపంచం వీధి చివరి వేపచెట్టు దాకానే. మూడో వారానికి మలుపు దాటాను. రెండు నెలలకు గడియారస్తంభం చేరుకున్నాను.

ఈ గడియారస్తంభం 1897 నాటిది. దానికింద పచ్చిక, బెంచీలు, పావురాలు. నాకు దానితో ఒక ప్రత్యేకమైన చుట్టరికం కలిసింది. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి నేను మాత్రలు మింగాలి. ఒక గంట అటూ ఇటూ కాకూడదు. కారణం చెబుతాను. మన ఒంటిలో పరాయి వస్తువు ఏది ప్రవేశించినా పట్టి చంపే కాపలా బలగం ఒకటి వున్నది. కంటోన్మెంటు గేటు దగ్గర సిపాయి వంటిదనుకోండి. చీటీ లేనివాణ్ణి లోపలికి రానివ్వదు. పరాయి అవయవం ప్రాణం పోయడానికి వచ్చిందా, తీయడానికి వచ్చిందా అని దానికి విచక్షణ లేదు. ఆ సిపాయిని పూర్తిగా నిద్రపుచ్చితే చిన్న జలుబు కూడా కొంప ముంచుతుంది. పూర్తిగా మేలుకోనిస్తే కొత్త అవయవాన్ని చంపుతుంది. కునికిపాట్లలో వుంచాలి. ఆ పని చేసేవి ఈ మాత్రలు.

నేను మింగే మాత్ర పేరు టాక్రోలిమస్. 1984లో జపానులో సుకుబా అనే చోటి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీనిని కనిపెట్టారు. అంతకు ముందు వచ్చిన సైక్లోస్పోరిన్ కూడా మట్టిలోని బూజు నుంచి వచ్చినదే; అది నార్వే మట్టి. పిడికెడు మట్టిలో ఇంతటి మహిమ వుంటుందని ఏ వేదాంతి చెప్పినా నేను అలంకారమనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు రోజుకు రెండుపూటలా మింగుతున్నాను కనుక నమ్మక తప్పదు.

ఆ 1897వ సంవత్సరానికి ఇక్కడ మరొక విశేషం వున్నది. ఆ ఏడాది ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు, ఈ ఊరి పక్కనే బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ కట్టడం ఇంకా నిలిచివుంది. నాలుగో నెలలో ఒక ఆదివారంనాడు అంతదూరం వెళ్ళి చూసివచ్చాను. వెళ్ళేటప్పుడు నడిచాను, వచ్చేటప్పుడు ఆటో ఎక్కాను. అందులో అవమానమేమీ లేదు. అలుపు వచ్చిన చోట ఆగడం కూడా వ్యాయామంలో భాగమేనని వ్యాయామం నేర్పే అమ్మాయి ముందే చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలట, పాట పాడగలిగితే చాలా మెల్లగా నడుస్తున్నట్టు, మాట రాకపోతే మితిమీరినట్టు. స్టీరాయిడ్ మాత్రలు కండనూ ఎముకనూ బలహీనపరుస్తాయి, చక్కెర పెంచుతాయి. నడక ఆ మూడింటికీ ఎదురు మందు.

మోండా మార్కెట్టు సంగతి చెప్పకపోతే సికింద్రాబాదు సంగతి చెప్పనట్టే. తెల్లవారుజామున కూరగాయల తట్టలు దిగే వేళ దాని సందడి చూడాలి. మొదటి మూడు నెలలూ గుంపుల్లోకి పోరాదన్నారు కనుక నేను మళ్ళీ అక్కడ అడుగు పెట్టేసరికి ఏడాది దగ్గరపడింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నా, నేను ఎప్పుడూ కొనే ఆకుకూరలావిడ గుర్తుపట్టింది.

"ఏం సారూ, ఏడికి పోయినవ్? కనిపిస్తనే లేవు."

"కిడ్నీ మార్చినారమ్మా. ఇంట్లోనే వున్నా."

ఆవిడ తోటకూర కట్ట కట్టడం ఆపింది. "ఎవరిచ్చిండ్రు? మీ అన్ననా?"

"తెలియదమ్మా. చనిపోయినాయన ఎవరో."

"పుణ్యాత్ముడు" అని ఒక కట్ట ఎక్కువ వేసింది. డబ్బు పుచ్చుకోలేదు. "నీకు కాదు సారూ, ఆయనకు" అన్నది.

బాగా కడిగి వండుకున్న కూరలన్నీ తినవచ్చును. పచ్చివి, బజారులో కోసిపెట్టిన పండ్లు, చెరకురసం వద్దు. పంపరపనస మాత్రం పూర్తిగా నిషేధం. దానిలోని ఒక గుణం ఈ మాత్రల పాళ్ళను నెత్తురులో ప్రమాదకరంగా పెంచుతుంది. వైద్యం చేసే పండ్లను గురించి వింటూ పెరిగాం కాని, వైద్యాన్ని చెడగొట్టే పండును నేను ఇప్పుడే చూశాను.

మార్కెట్టుకు దగ్గరలోనే ఉజ్జయిని మహంకాళి గుడి. లష్కరు బోనాలు అంటే ఈ అమ్మవారివే. ఈ గుడి కథ చాలామందికి తెలుసు. సురిటి అప్పయ్య అనే ఆయన దండులో డోలీ మోసేవాడు. 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్ళినప్పుడు ఇక్కడ కలరా సోకి జనం పోతున్నారని విని, ఊరు బాగుపడితే అమ్మవారిని ఊళ్ళో నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో ఆ మొక్కు తీర్చుకున్నాడు. డోలీ అంటే రోగులనూ, గాయపడినవారినీ మోసుకుపోయేది. ఊరిలో ఇంతమంది దొరలూ నవాబులూ వుండగా, రోగిని భుజాన మోసిన ఒక మామూలు మనిషి పేరు రెండువందల ఏళ్ళుగా జనం నోట నిలిచింది. లష్కరు గొప్పతనం ఇదీ అని ఎవరైనా అడిగితే నేను ముందు అప్పయ్య పేరే చెబుతాను.

ఇప్పుడు నా నడక పెరేడ్ గ్రౌండు చుట్టూ. పొద్దున్నే ఇక్కడ నడిచేవారి జాతర. అందులో మాది నలుగురి జట్టు. ఒకరు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయనకు ఏ జబ్బూ లేదు, కబుర్లకోసం వస్తారు. మరొక కుర్రవాడు గుండె మార్పించుకున్నవాడు. అతని నడక చూసి గార్డుగారు మొదట్లో వేళాకోళం చేసేవారు. మేమంతా బయలుదేరాక కూడా అతడు పది నిమిషాలు నింపాదిగా అడుగులు వేసేవాడు. చివర కూడా ఉన్నపళాన ఆగేవాడు కాదు. దానికి కారణం వున్నది. ఒక గుండెను తీసి మరొకరికి పెట్టేటప్పుడు నెత్తుటి గొట్టాలను కలుపుతారు కాని నరాలను కలపడం సాధ్యం కాదు. మనం పరుగెత్తబోతే మెదడు నరాల ద్వారా గుండెకు వెంటనే కబురు పంపుతుంది. అతని గుండెకు ఆ తంతి లేదు. నెత్తురులో కలిసి వచ్చే రసాయనాలే కబురు మోసుకురావాలి. అందుకు కొంత వ్యవధి పడుతుంది, తగ్గడానికీ అంతే. "అయితే గూడ్సు బండన్నమాట! మెల్లగా అందుకుంటుంది, మెల్లగా ఆగుతుంది. బరువు మాత్రం అదే లాగుతుంది" అని గార్డుగారు తీర్పు చెప్పారు. ఆనాటినుంచి వేళాకోళం మానేశారు.

ఇటువంటివారు నడవడమే కాదు, పందేలకు కూడా దిగుతారు. అవయవ మార్పిడి జరిగినవారికోసం 1978లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఆటల పోటీలు మొదలైనాయి. 2023లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, 2025లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో జరిగాయి. పరుగు, ఈత, సైకిలు అన్నీ వున్నాయి. దానం చేసిన కుటుంబాలవారిని కూడా పిలుస్తారు. మా కుర్రవాడికి ఎప్పటికైనా అక్కడికి పోవాలని వున్నది. ప్రస్తుతం పెరేడ్ గ్రౌండు చుట్టూ నన్ను ఓడించడంతో సరిపెట్టుకుంటున్నాడు.

ఈ మైదానం పక్కనుంచే మెట్రో రైలు పోతుంది. 2021 ఫిబ్రవరి 2న ఆ పట్టాలమీద ఒక బండి ఎక్కడా ఆగకుండా పోయింది. ఎల్బీనగరు ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అయిన ఒక రైతు గుండెను నాగోలులో ఎక్కించి, జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాకా 21 కిలోమీటర్లు అరగంటలోపల చేర్చారు. 2025 జనవరిలో మరొక గుండె ఎల్బీనగరు నుంచి లకడీకాపూలుకు 13 కిలోమీటర్లు 13 నిమిషాలలో వెళ్ళింది. గుండెను తీసిన తరువాత నాలుగు, మహా అయితే ఆరు గంటలలోగా మరొకరి ఛాతీలో అమర్చాలి. ఊపిరితిత్తులకూ దాదాపు అంతే. కాలేయానికి సుమారు పన్నెండు గంటలు, మూత్రపిండానికి ఒక రోజు ఆపైన వ్యవధి వుంటుంది. "నలభై ఏళ్ళు పచ్చజెండా వూపాను. అటువంటి బండికి ఒక్కసారి వూపి వుంటే బాగుండేది" అన్నారు గార్డుగారు.

ఆ బండి కదలాలంటే అన్నిటికన్న ముందు ఒక ఇంటివారు పచ్చజెండా వూపాలి. ఆసుపత్రిలో కృత్రిమ శ్వాసమీద వున్న మనిషికి మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా చచ్చిపోయిందని తేలాలి. ఇది స్పృహ లేకపోవడం కాదు, కోమా కాదు, మరణమే. యంత్రం ఆడిస్తున్నంతసేపు గుండె కొంతకాలం కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా వుంటుంది. అందుకే నమ్మడం కష్టం. 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు చేయాలి. అవయవం అమర్చే డాక్టర్లు ఆ బృందంలో వుండరాదు. ఆ తరువాతే ఇంటివారిని అడుగుతారు. మనం బతికివుండగా ప్రతిజ్ఞాపత్రం రాసినా, చివరి మాట ఇంటివారిదే అవుతుంది.

ఆ 1994లోనే ఆగస్టు 3న మన దేశంలో మొట్టమొదట విజయవంతంగా గుండె మార్పిడి చేసినది డాక్టర్ పి. వేణుగోపాల్. ఢిల్లీ ఎయిమ్స్‌లో చేశారు. ఆయన పుట్టింది మన రాజమహేంద్రవరంలో. 2024లో కన్నుమూశారు. ఇప్పుడు దేశమంతటా ఆగస్టు 3వ తేదీని అవయవదాన దినంగా జరుపుకుంటున్నారు. ఇక మన దగ్గర 2013 నుంచి జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం నడుస్తున్నది. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి దీనికి కేంద్రం. అవయవం కావలసినవారు ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేసుకోవాలి. రక్తం గ్రూపు, నిరీక్షణ కాలం వగైరా చూసి వరుస నిర్ణయిస్తారు. కొనడం, అమ్మడం శిక్షార్హమైన నేరం. ఎవరు ఇచ్చారో పుచ్చుకున్నవాడికి చెప్పరు. ఎవరికి వెళ్ళిందో ఇచ్చినవారికి చెప్పరు.

జనాభా లెక్కన దాతలు ఎక్కువగా వున్న రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. కాని దేశం మొత్తం మీద చూస్తే పది లక్షల జనాభాకు ఏడాదికి మరణానంతర దాత ఒక్కరు కూడా లేరు. స్పెయినులో నలభై మందికి పైగా వున్నారు. మనవాళ్ళకు దయ లేదని దీని అర్థం కాదు. ఆ గడియ వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు. ఆ గడియలో ఎత్తితే ఎవరికీ వినిపించదు. ఇదే చిక్కు.

అందుచేత నేను క్లాసులో ఎత్తుతున్నాను. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని కథ వచ్చినప్పుడు, తన కన్ను పెకలించి శివుడికి పెట్టినవాడు మన బోయవాడేనని చెప్పి, ఆ వెంటనే, "మీరు అంత సాహసం చేయనక్కరలేదు, పోయిన తరువాత ఇస్తే చాలు" అంటాను. పిల్లలు నవ్వుతారు. తరువాత ప్రశ్నలు వేస్తారు. కళ్ళకు బ్రెయిన్ డెడ్ కావలసిన పని లేదు. ఇంట్లో మామూలుగా పోయినవారివి కూడా ఆరు గంటలలోగా తీసుకోవచ్చు. నేత్రనిధికి కబురుచేసి, రెప్పలు మూసి, మీద తడి దూది వేసి, ఫ్యాను ఆపివుంచితే చాలు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరే ముఖ్యం. ముఖం వికారం కాదు.

క్లాసులో చెప్పినంత సులువుగా ఇంట్లో చెప్పలేకపోయాను. ప్రతిజ్ఞాపత్రం మీద దగ్గరి బంధువు సాక్షి సంతకం కావాలి. నా మందుల ఒంటిలో ఏది పనికివస్తుందో ఆనాటి డాక్టర్లు తేలుస్తారు కాని, రాయడానికి నాకు అడ్డు లేదు. మా ఇంటావిడ సంతకం పెట్టేది. మా అమ్మతో చెప్పకుండా పెట్టించడం నాకు ఇష్టం లేకపోయింది. అమ్మది ఓరుగల్లు పక్క పల్లె, డెబ్బై నాలుగేళ్ళు. కాగితం చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"నా కండ్లు తీసుకొమ్మను. ఇంకేమన్న పనికొస్తే అవి కూడ తీసుకొమ్మను. నీ ముచ్చట మాత్రం నా ముందట తియ్యకు" అన్నది.

"అట్లనే ఎవరో తల్లి ఒప్పుకోబట్టే కదమ్మా నేను వున్నది?"

"ఆ తల్లి ఎట్ల ఒప్పుకున్నదో నాకు తెల్వది" అని లేచి లోపలికి పోయింది.

ఆవిడ తన కాగితం మీద వేలిముద్ర వేసింది. నా కాగితం ఇంకా బీరువాలోనే వున్నది. నేను తొందరపెట్టలేదు. ఉపన్యాసాలలో మేము "ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలి" అని ఎంత తేలికగా అంటామో, ఆ మాట ఎంత బరువైనదో అమ్మ జవాబు విన్న తరువాతనే నాకు బోధపడింది. అడిగేవాడికి ఆ బరువు తెలిసివుండాలి. అయినా అడగాలి.

కిందటి పెత్రమాసనాడు పెద్దల పేర స్వయంపాకం ఇచ్చేటప్పుడు అమ్మ ఒక విస్తరి ఎక్కువ సర్దింది. బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు. అయ్యవారు అన్ని పేర్లూ చెప్పి, "ఇది ఎవరి పేర?" అని అడిగారు.

"పేరు తెల్వదు. మా ఇంటి మనిషే" అన్నది అమ్మ.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా నలుగురి జట్టు మౌలాలి గుట్ట ఎక్కింది. కింద, 1792లో మహలఖాబాయి చందా తన తల్లికోసం కట్టించిన సమాధి తోట వున్నది. పైన దర్గా. ఎక్కేవారిలో అన్ని మతాలవారూ వుంటారు. వందల మెట్లు. కుర్రవాడు మెల్లగా మొదలుపెట్టి, సగం దాటాక అందరికంటె ముందు పోయాడు. నేను మూడుచోట్ల కూర్చున్నాను. గార్డుగారు నాలుగుచోట్ల కూర్చున్నారు. ఆయనవి సొంత అవయవాలే. పైనుంచి చూస్తే రైలుపట్టాలు, కంటోన్మెంటు చెట్లు, దూరాన మెట్రో వంతెన అన్నీ కనిపిస్తాయి. తొమ్మిది కావస్తున్నది. గార్డుగారి నీళ్ళ సీసా తీసుకుని మాత్ర వేసుకున్నాను.

మీరు ఈసారి సికింద్రాబాదులో బండి దిగితే వెంటనే హైదరాబాదుకు పోకండి. ఒక పూట వుండి, అప్పయ్య నిలిపిన అమ్మవారిని చూడండి, పొద్దున్నే పెరేడ్ గ్రౌండుకు రండి. ఊరికి తిరిగి వెళ్ళిన తరువాత, భోజనాల దగ్గర అందరూ కూర్చున్నప్పుడు, ఈ మాట ఒకసారి ఎత్తండి. మీవాళ్ళు కూడా మొదట లేచి లోపలికి పోవచ్చు. మళ్ళీ ఒకనాడు ఎత్తండి.